మూడు కిటికీలు, నాలుగు రింగులు

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుందా? కొత్త చక్రాలు, కొత్త స్ప్రింగులు వేసిన నాటి నుంచి మా కారు తొంభై దాటిందంటే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. మూడు ఆదివారాలుగా మా ఆయన దాన్ని తీసుకుని కాలేజీలో తనతో చదివిన ఒకావిడ మెకానిక్ షెడ్డుకి వెళ్తున్నారు. ఆవిడని ఆయన 'స్పానర్' అని పిలుస్తారు. శనివారం సాయంత్రం నేను ఆయన చొక్కాకి గుండీ కుడుతుంటే పక్కనే ఉన్న ఆయన ఫోను వెలిగింది. "రేపు ఏడింటికి రా. ఒక్కడివే."

ఒక్కడివే!

సూది నా వేల్లో గుచ్చుకుంది. అక్కడే ఆపాను.

మాకు పెళ్లయి యాభై మూడు రోజులు. ఈ యాభై మూడు రోజుల్లో నేను పొందిన సంతోషాల జాబితా రాస్తే ఈ పత్రిక సరిపోదు. ఆయన పళ్లు తోముకుంటూ పాడే పాట ఒక సంతోషం. ఇద్దరి చెప్పులూ గుమ్మం పక్కన పక్కపక్కనే ఉండటం ఒక సంతోషం. మా ఇంటికి మూడు కిటికీలు ఉండటం మరీ సంతోషం. ఆ మూడింటికీ నిమ్మపండు రంగు కర్టెన్లు నేనే కుట్టాను. ఒక్కో కర్టెన్‌ని ఒక్కో నల్ల రింగులోంచి దూర్చి నడుం బిగించినట్టు పక్కకి లాగి పెట్టాను. మా ఆయన చూసి, "ఎంత బాగా ఆలోచించావోయ్!" అన్నారు. ఆ మాటకి రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఇంత సంతోషంలో ఒక్కటే ముల్లు. మా మొదటి ప్రయాణం. సముద్రం చూడటానికి మూడు వందల కిలోమీటర్లు, మేమిద్దరమే, మా కారులోనే వెళ్లాలని పెళ్లికి ముందే అనుకున్నాం. కారు వణుకు వల్ల ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. వచ్చే బుధవారం మూడో ముహూర్తం. ఈ బుధవారం కూడా వెళ్లలేకపోతే ఆయన సెలవులు అయిపోతాయి. సముద్రం ఎక్కడికీ పోదంటారు ఆయన. సముద్రం సంగతి సరే, ఆయన ఆదివారాలు ఎక్కడికి పోతున్నాయన్నదే నా బాధ.

అందుకని ఆదివారం ఉదయం ఆరున్నరకి ఆయన తాళాలు తిప్పుకుంటూ కారు దగ్గరికి వచ్చేసరికి, నేను అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నాను. బెల్టు పెట్టుకున్నాను. ఒళ్లో టీ ఫ్లాస్కు, ఉడకబెట్టిన గుడ్ల డబ్బా.

"ఎక్కడికోయ్?"

"మీరు ఎక్కడికో అక్కడికే."

"అక్కడంతా గ్రీజు, నూనె."

"నాకు గ్రీజంటే ఇష్టమండీ."

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

ఆయన నా వేలికున్న చిన్న కట్టు చూశారు, తన ఫోను వైపు చూసుకున్నారు, నవ్వు మింగేసి బండి తీశారు. ఆ మింగిన నవ్వు నాకు నచ్చలేదు. అయినా కిటికీలోంచి వచ్చే చల్లగాలి మాత్రం బాగుంది. నిజం ఒప్పుకోవాలి కదా.

షెడ్డు ముందు స్పానర్ నిలబడి ఉంది. నేను ఊహించుకున్నట్టు లేదు. పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన చొక్కాతో, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉంది. కాస్త అందవికారంగా ఉంటే ఆవిడ సొమ్మేం పోయేదట? నన్ను చూడగానే మా ఆయన వైపు కనుబొమ్మ ఎగరేసింది.

"ఏరా పంచర్, ఒక్కడివే రమ్మన్నాను కదా?"

పంచర్! మా ఆయనకి ఇలాంటి పేరొకటి ఉందని యాభై మూడు రోజుల్లో నాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ స్పానర్, ఈయన పంచర్. జత ఎంత బాగా కుదిరిందో! మరి నేను? నేను 'ఏమోయ్'ని.

"దానికి గ్రీజంటే ఇష్టమట," అన్నారు మా ఆయన.

"సరే, మీరు వెనక కూర్చోండి," అంది నాతో. "నేను వాడి పక్కన కూర్చోవాలి. స్టీరింగు చూడాలి."

నా సీటు! ఆయన పక్క సీటు! నేను ఫ్లాస్కు, గుడ్ల డబ్బా పట్టుకుని దిగి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాను. కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుంది.

రహదారి ఎక్కాం. ఎనభై దాకా కారు బంగారం. ఎనభై ఐదుకి స్టీరింగులో చిన్న గగుర్పాటు. తొంభై ఐదు అయ్యేసరికి ఆయన చేతులు మోచేతుల దాకా అదురుతున్నాయి. నూట పది దాటితే మళ్లీ తగ్గింది. స్పానర్ ఆ అంకెలన్నీ అట్ట ముక్క మీద రాసుకుంది. తర్వాత చెయ్యి చాపి స్టీరింగు మీద, సరిగ్గా ఆయన చెయ్యి పక్కన పెట్టింది. రెండు చేతుల మధ్య ఎంత దూరం ఉందో నేను కళ్లతో కొలిచాను. రెండు వేళ్లు. అంతే.

"ఇప్పుడు గేరు తీసెయ్. న్యూట్రల్."

తీసేశారు. బండి వేగానికి దొర్లుతోంది. వణుకు అలాగే ఉంది.

"అంటే ఇంజను తప్పు కాదు. బ్రేకు మెల్లగా నొక్కు. పెరగలేదు కదా? బ్రేకు డిస్కులూ కాదు. అమ్మాయ్, నీ సీటు అదురుతోందా?"

అమ్మాయ్ అట! "నా సీటు సంగతి ఎందుకులెండి," అన్నాను.

"అలక తర్వాత. ముందు సీటు సంగతి చెప్పు. స్టీరింగు వణికితే ముందు చక్రాల తప్పు, సీటు వణికితే వెనక చక్రాల తప్పు."

నేను సీటు మీద అరచెయ్యి పెట్టి చూశాను. సన్నగా, పిల్లి గుర్రుమన్నట్టు అదురుతోంది. "అదురుతోంది," అన్నాను. ఎంత కోపంలో ఉన్నా, రోగి నాడి చూసిన డాక్టరు అసిస్టెంటులా నాలో ఒక చిన్న గర్వం పుట్టింది. వెంటనే దాన్ని నొక్కేశాను.

షెడ్డుకి తిరిగి వచ్చాక స్పానర్ కారుని జాకీ మీద ఎత్తి ముందు చక్రం విప్పింది. మా ఆయన, "వీధి చివర వేడి వేడి బన్నులు తెస్తాను," అని వెళ్లారు. నా గుడ్లు ఎవరికీ గుర్తు లేవు.

ఇద్దరమే మిగిలాం. నేను రాత్రంతా మనసులో రాసుకున్న మాటలు బయటికి తీశాను.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మూడు ఆదివారాలైంది. మీకు బాగుచేయడం రాదా, బాగుచేయాలని లేదా?"

స్పానర్ చేతిలో పనిముట్టు ఆగింది. నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ ఒక పాత టైరు దొర్లించుకుని వచ్చి దాని మీద కూర్చుంది.

"నీ అనుమానం నాకు మొదటి ఆదివారమే తెలుసు. వాడికి నువ్వు పావుగంటకోసారి ఫోను చేశావు కదా. కూరలో ఉప్పెంత వెయ్యాలని కూడా అడిగావు."

ఉప్పు గురించి నిజంగానే అడిగాను.

"బాగుచేయడం వచ్చు," అంది ఆవిడ. "కానీ తప్పుదారిలో వెతికాను. మీవాడు స్ప్రింగులు, చక్రాలు ఒకే వారంలో మార్చాడు. రెండూ ఒకేసారి మార్చకూడదు. ఏది తప్పు చేస్తోందో తెలియదు. స్ప్రింగులు వేసింది నేను. అందుకని నా పని మీదే నాకు అనుమానం. మూడు వారాలు వాటినే విప్పాను, బిగించాను. పాత చక్రాలు ఉంటే వేసి చూసి ఒక్క పూటలో తేల్చేదాన్ని. వాటినేమో అమ్మేశాడు. కొత్త చక్రాలు వాడు మీ ఇంటి ముందు తనే బిగించాడు, అవునా?"

అవును. ఆ రోజు నాకు బాగా గుర్తు. సెలవు రోజు. ఆయన చెమటతో, నేను గొడుగు పట్టుకుని. నట్లు ఒక్కొక్కటీ నా చేతిలోంచి తీసుకుంటూ ఆయన ప్రతిసారీ 'థాంక్సండీ' అన్నారు. ఇరవై నట్లకి ఇరవై థాంక్సులు.

"అందుకే ఒక్కడివే రమ్మన్నాను. వాడే ఏదో వెయ్యకుండా వదిలేసి ఉంటాడని నా అనుమానం. కొత్తగా పెళ్లయినవాడు. పెళ్లాం ముందు 'ఒరేయ్ వెధవా' అనడం బాగుండదని."

కుంపటి మీద ఎవరో చెంబెడు నీళ్లు పోశారు. చల్లారిపోలేదు గాని, పొగ మాత్రం వచ్చింది.

"చక్రం మెషీను మీద పెడితే సున్నా చూపిస్తుంది," అంటూ ఆవిడ చక్రాన్ని బ్యాలెన్సింగు మెషీనుకి తగిలించి తిప్పింది. తెర మీద సున్నా, సున్నా. "ఇక్కడ తప్పు లేదు. ఎందుకంటే మెషీను చక్రాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకుంటుంది. మరి కారు ఎలా పట్టుకుంటుంది? ఇటు రా."

వెళ్లాను. ఆవిడ చక్రాన్ని ఎత్తి కారుకి ఆనించింది. చక్రం మధ్యలో ఉన్న పెద్ద రంధ్రంలోంచి కారు ఇరుసు గుండ్రంగా బయటికి కనబడుతోంది. ఆవిడ చెవి మీది పెన్సిలు తీసి ఇరుసుకీ చక్రానికీ మధ్య పెట్టింది. పెన్సిలు మొన లోపలికి దూరింది. చుట్టూ తిప్పింది. ఒక పక్క వదులు, ఒక పక్క బిగుతు.

"కన్నం పెద్దది, ఇరుసు చిన్నది. నట్లు బిగించేటప్పుడు చక్రం వెంట్రుకవాసి కిందకి జారి కూర్చుంటుంది. నెమ్మదిగా పోతే తెలియదు. తొంభై మీద తన్నడం మొదలుపెడుతుంది. ఇది నేను మొదటి రోజే చూడాల్సింది. సిగ్గుగా ఉంది."

"మరి దీనికి మందు లేదా?"

"ఎందుకు లేదు? ఈ సందులో కూర్చోవడానికి ఒక రింగు ఉంటుంది. కొత్త చక్రాలతో పాటు పెట్టెలోనే వస్తుంది. నిన్న అడిగితే పెట్టెలో ఇంకేమీ లేదని మీవాడు ఒట్టేసి చెప్పాడు. ఇప్పుడు తెప్పించాలంటే పది రోజులు."

"ఎలాంటి రింగు?" అన్నాను.

"ఇంతది." బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా చాపి చూపించింది. "నల్ల ప్లాస్టిక్‌ది. తేలిగ్గా, చేతి గాజులాగా ఉంటుంది. అంచు మీద అంకెలుంటాయి."

ఆ అంకెలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆ చక్రాల పెట్టెలు విప్పింది నేను. అట్టలు మడిచి అటక మీద పెట్టింది నేను. అడుగున ఒక చిన్న సంచిలో గలగలలాడిన నల్ల రింగులు చూసి, అవి చక్రాలు దెబ్బ తగలకుండా పెట్టిన సరుకేమో అనుకుని, 'అబ్బ, కర్టెన్లకి సరిగ్గా సరిపోతాయి!' అని ఎగిరి గంతేసింది నేను. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన మూడు వారాలుగా వాటి కిందే కూర్చుని టీ తాగుతూ 'ఈ కారుకేమొచ్చిందో తెలియట్లేదోయ్' అంటున్నారు.

చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లగానే పీకి పారేస్తాను. పది రోజుల్లో కొత్త రింగులు వస్తాయి. సముద్రం పోతుంది గాని పరువు దక్కుతుంది. పైగా ఎవరి ముందు ఒప్పుకోవాలి? ఇప్పుడే 'బాగుచేయాలని లేదా' అని నిలదీసిన మనిషి ముందు! నా నోరు నేనే గట్టిగా మూసుకున్నాను.

స్పానర్ రెండో చక్రం దగ్గర కూర్చుంది. నట్టుకి పనిముట్టు తగిలించబోయి ఆగింది. ఉత్త చేత్తో నట్టుని పట్టుకుని తిప్పింది.

అది తిరిగింది.

ఒక్క చుట్టు, రెండు చుట్లు. ఊడి ఆవిడ అరచేతిలో పడింది. మేం ఇంతకుముందే ఆ చక్రం మీద నూట పది వేగంతో వెళ్లి వచ్చాం. స్టీరింగు మీద ఆయన చేతులు.

"వణుకు నట్లని వదులు చేస్తుంది," అంది స్పానర్, నట్టుని చూస్తూ. "వారం వారం నేను గట్టిగా బిగించి పంపుతున్నాను. అయినా..."

నా పరువు ఎటో ఎగిరిపోయింది. "అవి మా ఇంట్లో ఉన్నాయి," అన్నాను.

"ఏవి?"

"రింగులు. కర్టెన్లకి పెట్టాను."

స్పానర్ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత చెవి మీది పెన్సిలు జారిపోయింది, చివరికి నేల మీద చతికిలబడి కళ్లు తుడుచుకుంది. మొహమంతా గ్రీజు అయింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, రెండూ కలిసిపోయాయి.

"ఏమైంది?" బన్నుల పొట్లంతో మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"నువ్వే చెప్పు," అంది స్పానర్ నాతో. "నేను చెబితే బాగుండదు."

చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. "మన కర్టెన్లవా? ఆ నల్లవా? నేను బాగున్నాయని మెచ్చుకున్నవా?"

"మీరు మెచ్చుకున్నారు కాబట్టే తీయలేదండీ."

"ఎన్ని ఉన్నాయి?" అంది స్పానర్.

"మూడు."

"నాలుగుండాలే."

"సంచిలో మూడే ఉన్నాయి. మూడు కిటికీలకి మూడు రింగులు, దేవుడే లెక్కపెట్టి పంపాడనుకున్నాను."

"నాలుగోది కారులోనో ఎక్కడో పడి ఉంటుంది. వెతుకు పంచర్."

"కారులో ఉండదు," అన్నారు మా ఆయన. చాలా తొందరగా అన్నారు. "వాళ్లే మూడు పంపి ఉంటారులే. స్పానర్, నీ స్కూటరు ఇవ్వు, ఇంటికి వెళ్లి అవి పట్టుకొస్తాను."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. యాభై మూడు రోజుల పరిశోధనలో నేను కనిపెట్టిన విషయం అది. ఆయన అబద్ధం చెబితే మొహం మామూలుగానే ఉంటుంది, చెవులు ఎర్రబడతాయి. కానీ ఆ క్షణంలో నేను నా తప్పు బరువు కింద ఉన్నాను. చెవుల సంగతి పట్టించుకోలేదు.

అరగంటలో మూడు రింగులతో వచ్చారు. ఒకదానికి నిమ్మపండు రంగు దారప్పోగు అంటుకునే ఉంది. స్పానర్ దాన్ని తుడవబోతే, "ఉండనివ్వండి," అన్నాను. ముందు చక్రాలు రెండింటికీ, వెనక కుడి చక్రానికీ రింగులు టక్కున కూర్చున్నాయి. వెనక ఎడమ చక్రానికి లేదు. నట్లన్నీ వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా బిగించాలని ఆవిడ చెబుతుంటే, పనిముట్టు నేను పట్టుకున్నాను. నాకు నిజంగానే గ్రీజంటే ఇష్టం ఏర్పడేలా ఉంది.

మళ్లీ రహదారి. ఈసారి స్పానర్ తనే వెనక కూర్చుంది. "నీ సీటు నువ్వు తీసుకో అమ్మా," అంది.

ఎనభై. తొంభై. తొంభై ఐదు. నేను ఊపిరి బిగబట్టాను. స్టీరింగు మీద ఆయన రెండు వేళ్లు మాత్రమే ఉన్నాయి. చలనం లేదు. నూరు. పళ్లెంలో నూనె మీద జారినట్టు కారు పోతోంది. మా ఆయన నా వైపు చూసి, చిన్నపిల్లాడిలా, "బుధవారం!" అని అరిచారు.

"బుధవారం!" అని నేనూ అరిచాను.

"వెనక ఎడమ పక్క కొంచెం అదురు ఉంది," అని స్పానర్ వెనక నుంచి గొణిగింది. "ఒక్కటే కదా, ఈ మూడింటి కొలత చూసి, పైపు కోసి నాలుగో రింగు నేనే చేస్తాను, మంగళవారం కల్లా. బన్ను ఎవరైనా ఇటు అందిస్తారా? ఆ డబ్బాలో గుడ్లున్నట్టున్నాయి, అవి కూడా."

నా గుడ్లు! ఒకటికి మూడు తిన్నది ఆవిడ. ఉప్పు సరిపోయిందని కూడా చెప్పింది. ఇంత మంచి మనిషిని మూడు వారాలు తిట్టుకున్నానే అని నాకే సిగ్గేసింది.

షెడ్డుకి చేరాక మా ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లారు. స్పానర్ నా పక్క కిటికీలో మోచేతులు ఆనించి నిలబడింది.

"నీకూ ఒక పేరు పెట్టాలి," అంది. "కర్టెన్ అంటే?"

"కర్టెన్!" పగలబడి నవ్వాను. స్పానర్, పంచర్, కర్టెన్. ఎట్టకేలకు నాకూ పేరొచ్చింది. గ్రీజు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం ముందున్న డాష్‌బోర్డు అర తెరిచాను. ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండే ఆ అర ఈ రోజు ఒక్క లాగుకి తెరుచుకుంది. కాగితాల వెనక చెయ్యి పెడితే చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

నల్ల రింగు. అంచు మీద అవే అంకెలు. రోజూ మూడుసార్లు చూసే అంకెలు, నాకు తెలియకపోవడమేమిటి?

"అక్కా!" అన్నాను. ఆ పిలుపు దానంతటదే వచ్చింది. "నాలుగోది దొరికింది! చూశావా, ఆయనా నాలాగే, ఏదో బొమ్మ అనుకుని..."

పైకి లాగాను. రింగుకి నీలం తాడుతో ఒక తాళంచెవి కట్టి ఉంది.

మా ఇంటి తాళంచెవి నాకు తెలుసు. అది పొట్టిది, పసుపు రంగుది. ఇది పొడుగ్గా, కొత్తగా, వెండిలా మెరుస్తోంది. తాడు కూడా కొత్తది. చెక్కుచెదరకుండా, ముద్దుగా రెండు ముళ్లు వేసి కట్టారు. చొక్కా గుండీ తెగితే కుట్టుకోవడం రాని మనిషి, ఇంత పొందికగా ముడి వేశారు.

తలెత్తి స్పానర్ వైపు చూశాను, ఇదేమిటని అడగడానికి. అడగనక్కర లేకపోయింది. ఆవిడ మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చూపు నా చేతిలోని తాళంచెవి మీంచి పెరట్లోకి, అక్కడ వంగి సబ్బు రుద్దుకుంటున్న వీపు మీదకి వెళ్లింది.

"వాడు నీకింకా చెప్పలేదా?" అంది, చాలా మెల్లగా.

పెరట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.